మా చిన్న విమానానికి కొత్త ప్యానెల్: ఐదు నెలల కథ

"ఏమండీ, ఈమధ్య మీ విమానం ఎగరట్లేదేంటి?" అని చాలామంది అడుగుతున్నారు. ప్రమాదం ఏమీ జరగలేదండీ. ఐదు నెలలు ప్యానెల్ ఊడదీసుకుని షాపులో కూర్చుంది. ఆ కథే ఈరోజు.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక్క మాట. మేముండేది డాలస్ దగ్గర. నేనూ, ఇంకో తెలుగు మిత్రుడూ కలిసి ఒక లైట్ స్పోర్ట్ విమానం కొనుక్కున్నాం. ఇద్దరు కూర్చునేది. మనుషులతో, పెట్రోలుతో కలిపి 1,320 పౌండ్లు, అంటే సుమారు 600 కిలోలు దాటకూడదని 2004లో అమెరికాలో పెట్టిన తరగతి ఇది. రోటాక్స్ 912 ఇంజను, 100 హార్స్‌పవర్. వారంలో నాలుగు రోజులు ఒక ఫ్లయింగ్ స్కూలు అద్దెకి తీసుకుంటుంది. ఆ అద్దెతోనే హ్యాంగరు, ఇన్సూరెన్సు గడుస్తున్నాయి. ఈ అద్దె సంగతి గుర్తుపెట్టుకోండి.

పోయిన ఆగస్టులో మా అమ్మాయిని ఎక్కించుకుని లేక్ టెక్సోమా వైపు వెళ్ళాను. మూడు వేల అడుగుల మీద ఉన్నాం. ఉన్నట్టుండి ఎదురుగా ఉన్న స్క్రీను నల్లబడిపోయింది. "నాన్నా, టీవీ ఆగిపోయింది" అంది మా అమ్మాయి.

ఆ టీవీలోనే ఉన్నాయండీ అన్నీ. వేగం, ఎత్తు, ఇంజను ఆయిల్ ప్రెషరు, అన్నీ. పక్కన మిగిలినవి ముల్లు తిరిగే చిన్న స్పీడు మీటరు, ఎత్తు మీటరు, పైన ఒక దిక్సూచి. స్క్రీను దానంతట అదే మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. ఇంజను చప్పుడు వింటూ వెనక్కి తిప్పి దింపేశాను. గాల్లో ఉన్నంతసేపు బాగానే ఉన్నాను. దిగాక తాళం తీస్తుంటే చేతులు వణికాయి.

పదేళ్ళు దాటిన స్క్రీను. పైనంతా గాజుబుడగ లాంటి కెనోపీ, దాని మీద టెక్సాస్ ఎండ. ఆ మోడలుకి ఇప్పుడు విడిభాగాలు దొరకవు. సరే, కొత్తది వేయిద్దాం అనుకున్నాం. కారులో స్టీరియో మార్చినట్టే అనుకున్నాను నేను, అమాయకుణ్ణి.

ఫ్యాక్టరీలో తయారై వచ్చిన లైట్ స్పోర్ట్ విమానంలో మన ఇష్టం వచ్చినట్టు ఏదీ మార్చకూడదు. తయారీదారు "ఈ మార్పు చేసుకోవచ్చు" అని ఉత్తరం ఇవ్వాలి. ఆ ఉత్తరం లేకుండా స్క్రూ తిప్పినా విమానం చట్టప్రకారం ఎగరడానికి పనికిరాదు. ఇంకో దారి ఉంది. విమానాన్ని ఎక్స్‌పెరిమెంటల్ తరగతిలోకి మార్చేసుకుంటే ఏ ఉత్తరమూ అక్కర్లేదు, మన ప్యానెల్ మన ఇష్టం. కానీ అప్పుడు అద్దెకి ఇవ్వడానికి వీల్లేదు.

ఇక్కడే నాకూ మా మిత్రుడికీ తేడా వచ్చింది. నేను మార్చేద్దాం అన్నాను. "అన్నా, నెలనెలా హ్యాంగరు అద్దె నువ్వొక్కడివే కడతావా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఉత్తరం కోసం రాశాం. మూడు నెలలు పట్టింది. వచ్చినప్పుడు కూడా నేనడిగిన ఆటోపైలట్‌కి ఒప్పుకోలేదు. రెండు స్క్రీన్లు, రేడియో, ట్రాన్స్‌పాండర్, అంతే. ఆటోపైలట్ మీద నాకింకా బెంగ తీరలేదు, అది వేరే సంగతి.

రెండోది కరెంటు. స్క్రీన్లు కొనేటప్పుడు దీని గురించి ఎవరూ చెప్పరు. రోటాక్స్ 912లో ఉండే జనరేటరు ఇచ్చేది సుమారు 250 వాట్లు. మన ఇంట్లో మూడు సీలింగు ఫ్యాన్లు తిరిగేంత. అందులోనే స్క్రీన్లు, రేడియో, ట్రాన్స్‌పాండర్, లైట్లు, పెట్రోలు పంపు అన్నీ బతకాలి. అదైనా ఇంజను గట్టిగా తిరిగితేనే. రన్‌వే దగ్గర నెమ్మదిగా తిరుగుతూ వంతు కోసం ఆగితే బ్యాటరీ కరుగుతుంది. కాబట్టి మీ షాపువాళ్ళని ముందే కాగితం మీద కూడిక వేసి చూపించమనండి. మా కూడికలో పాత ల్యాండింగ్ లైటు మిగతా వాటికన్నా ఎక్కువ తింటోందని తేలింది. ఆ లైటుకి కూడా ఉత్తరంలో చోటు అడిగి, ఎల్‌ఈడీ వేయించాం.

పని అయిపోయింది. తూకం వేశారు, ట్రాన్స్‌పాండర్ టెస్టు చేశారు, లాగ్‌బుక్‌లో సంతకాలు పెట్టారు. విమానం చూస్తే కొత్త పెళ్ళికూతురిలా ఉంది. మొదటిసారి నేనొక్కణ్ణే ఎక్కాను. ఇది మాత్రం పట్టుబట్టాను, పక్కన ఎవరూ వద్దని.

త్రాటిల్ పూర్తిగా తోశాను. విమానం పరిగెడుతోంది. ఇంజను అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి. వేగం చూశాను, సున్నా. పక్కన ముల్లు మీటరు చూశాను, అదీ సున్నా! నేల మాత్రం జర్రున వెనక్కి పోతోంది. త్రాటిల్ లాగేశాను, బ్రేకు వేశాను. రన్‌వే ఇంకా చాలా మిగిలే ఉంది, అదృష్టం.

జరిగింది ఇదీ. టెస్టులన్నీ అయ్యాక ఏదో వైరు సర్దడానికి ప్యానెల్‌ని ఇంకోసారి బయటికి లాగారట. లోపలికి తోసేటప్పుడు పిటో గొట్టం, అదే, రెక్క కింది నుంచి గాలి తెచ్చి వేగం చెప్పేది, జాయింటు దగ్గర ఊడింది. కొత్త స్క్రీనూ, పాత ముల్లు మీటరూ రెండూ ఆ ఒక్క గొట్టం మీదే! ఇన్నాళ్ళూ ఆ ముల్లు మీటరు నాకు అండ అనుకున్నాను. కరెంటు పోతే అండే. గొట్టం ఊడితే రెండూ ఒకేసారి పోతాయి.

షాపు మెకానిక్ వచ్చి తలవంచుకుని క్షమించమన్నాడు. నేనేమీ అనలేదు. ఈసారి మాత్రం నేనూ టార్చి పట్టుకుని, నడుం పట్టేసేదాకా ప్యానెల్ కింద పడుకుని, ప్రతి జాయింటూ లాగి చూశాను.

రెండోసారి లేచింది. గంటసేపు తిరిగి దిగాక, ఏడీఎస్-బీ సరిగ్గా పలుకుతోందో లేదో ఎఫ్‌ఏఏ వెబ్‌సైటులో రిపోర్టు అడిగాను. ఉచితమే, ఈమెయిల్‌కి వచ్చేస్తుంది. డాలస్ పెద్ద విమానాశ్రయం చుట్టూ 30 నాటికల్ మైళ్ళలో 2020 జనవరి నుంచి అది తప్పనిసరి కదా. తప్పులేమీ లేవని వచ్చింది.

పోయిన శనివారం మా అమ్మాయి మళ్ళీ ఎక్కింది. దానికో ఉద్యోగం ఇచ్చాను. పరుగు మొదలవగానే స్క్రీను మీద వేగం కదిలితే గట్టిగా చెప్పాలి. "కదిలింది నాన్నా!" అని అరిచింది, హెడ్‌సెట్‌లో చెవులు చిల్లులు పడేలా.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ ఏడాది ఇన్‌స్పెక్షన్ చూపిస్తాను. ఉంటానండీ.