ప్రేమ పేరుతో హింస: బడి పాఠం పనిచేసిందో లేదో తెలిసేదెలా?



ఈ రోజు మనం ఒక ప్రయోగం గురించి మాట్లాడుకుందాం. పరీక్షనాళికలు, బర్నర్లు ఉండే ప్రయోగం కాదు. బడిలో పిల్లలకు కొన్ని పాఠాలు చెబితే, వాటివల్ల బడి బయట ఒకరినొకరు కొట్టడం, బెదిరించడం, వేధించడం తగ్గిందా లేదా అని తేల్చే ప్రయోగం. అండమాన్ దీవుల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లలను మనసులో పెట్టుకొని ఈ ప్రసంగం తయారుచేశాను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ఉన్నది 3 లక్షల 80 వేల మంది. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. మిగిలిన వారు కూడా వినవచ్చు. విషయం అందరిదీ.

ముందు మీకు బాగా తెలిసిన దృశ్యం ఒకటి చెబుతాను. బడిలో అవగాహన సదస్సు. వేదిక మీద పోలీసు అధికారి, డాక్టరు, ప్రిన్సిపాలు. ఒక నాటిక, రెండు ఉపన్యాసాలు, చివర అందరూ చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ. ఆ తరువాత ఒక కాగితం పంచుతారు. ‘కార్యక్రమం ఎలా ఉంది?’ అని అందులో ప్రశ్న. పిల్లలు ‘చాలా బాగుంది’ అని రాస్తారు. మర్నాడు ఆ సంఖ్య నివేదికలోకి ఎక్కుతుంది. అలాంటి వేదికల మీద నేనూ మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లకూ, ఒక అమ్మాయి చెంపదెబ్బ తప్పించుకోవడానికీ సంబంధం ఉందో లేదో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మొదటి చిక్కు మాటతోనే వస్తుంది. ఈ విషయాన్ని ఇంగ్లీషులో డేటింగ్ వయొలెన్స్ అంటారు. మనకు డేటింగ్ అంటే సినిమా వార్తల్లో కనిపించే మాట. పదో తరగతి అమ్మాయిని ‘నువ్వు డేటింగ్ చేస్తున్నావా?’ అని అడిగితే లేదంటుంది. అది అబద్ధం కూడా కాదు. కాని రోజూ జెట్టీ దగ్గర ఆమెను కలిసే అబ్బాయి ఒకడు ఉండవచ్చు. అతను ఆమె ఫోను లాక్కొని ఎవరెవరు మెసేజీలు పంపారో చూస్తూ ఉండవచ్చు. ‘ఫలానావాడితో మాట్లాడితే చెయ్యి కోసుకుంటాను’ అని బెదిరిస్తూ ఉండవచ్చు. ఆమె దృష్టిలో అది డేటింగూ కాదు, హింసా కాదు. ‘వాడికి నేనంటే ప్రాణం’ అంటుంది.

మన పత్రికలు మరో మాట తయారుచేసి పెట్టాయి: ప్రేమోన్మాది. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగి, వారిలో ఒకరు చనిపోయినప్పుడు కూడా మనం ఎక్కువగా మాట్లాడుకున్నది శిక్ష గురించే. ‘ఉన్మాది’ అనగానే అది ఎక్కడో ఒకడికి పట్టే పిచ్చి అయిపోతుంది, బడిలో చెప్పవలసిన పాఠం ఏమీ లేనట్టు ఉంటుంది. అంకెలు అలా చెప్పడం లేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన అంచనా ప్రకారం, 15 నుంచి 19 ఏళ్ళ వయసులో ఉండి భర్తో, ప్రియుడో ఉన్న అమ్మాయిల్లో 24 శాతం మంది ఆ మనిషి చేతిలోనే శారీరక హింసనో, లైంగిక హింసనో అనుభవించారు. అంటే నలుగురిలో దాదాపు ఒకరు. నలుగురిలో ఒకరికి జరిగేదాన్ని పిచ్చి అనలేం.

కాబట్టి కొలిచే ప్రశ్న పేరును అడగకూడదు, పనిని అడగాలి. ‘గడచిన మూడు నెలల్లో నీకు దగ్గరైన వ్యక్తి నీ ఫోను బలవంతంగా చూశారా? నిన్ను నెట్టారా? నీ ఫొటో ఎవరికైనా పంపుతామని బెదిరించారా?’ ఇలా. ఆ వెంటనే ‘నువ్వు ఎవరినైనా అలా చేశావా?’ అని కూడా అడగాలి. అబ్బాయిలనూ, అమ్మాయిలనూ, ఇద్దరినీ.

ఇప్పుడు ప్రశ్నపత్రం తయారైంది. పాఠాలకు ముందు ఒకసారి, ఒక ఏడాది తరువాత ఒకసారి అడిగాం అనుకుందాం. మొదట నూటికి 10 మంది ‘అవును’ అన్నారు, తరువాత 15 మంది అన్నారు. పాఠాలు చెడగొట్టాయా? తొందరపడకండి. ఏడాదిలో పిల్లలకు ఒక ఏడు వయసు పెరిగింది, స్నేహాలు పెరిగాయి, వాటితో గొడవలూ పెరిగాయి. పైగా పాఠం విన్నాక, ఇదివరకు ‘ప్రేమ’ అనుకున్నదాన్ని ‘బెదిరింపు’ అని గుర్తుపట్టారు. గుర్తుపట్టారు కాబట్టి లెక్కలోకి వచ్చింది. అంటే పాఠం బాగా పనిచేసినా అంకె పెరగవచ్చు! మరి తెలిసేదెలా? పాఠాలు చెప్పని బడుల్లో కూడా అదే ప్రశ్నపత్రం ఇవ్వాలి. అక్కడ 10 కాస్తా 20 అయిందనుకోండి, అప్పుడు మన 15 మంచి వార్త. ఇదే నియంత్రణ సమూహం. మొక్కల ప్రయోగంలో ఎరువు వేయని కుండీ ఒకటి పక్కన పెడతారు చూడండి, అదే ఇది. ఏ బడి ఏ సమూహంలోకి వెళ్ళాలో లాటరీ తేల్చాలి. ఉత్సాహం ఉన్న ప్రిన్సిపాళ్ళ బడులన్నీ ఒకవైపు చేరితే మనం కొలిచేది ఆ ఉత్సాహాన్నే.

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, ఒక గ్రామీణ కౌంటీలో 1994లో ఇలాంటి ప్రయోగం మొదలైంది. 14 బడులు. పాఠాల పేరు సేఫ్ డేట్స్. పరిశోధన నడిపినది వాంజీ ఫోషీ. ఒక నాటకం, పది తరగతులు, ఒక పోస్టర్ల పోటీ. నెల తరువాత చూస్తే, పాఠాలు విన్న బడుల్లో వేధింపులు తక్కువ. ఏడాది తరువాత చూస్తే, ప్రవర్తనలో ఆ తేడా మాయమైంది. అక్కడితో ఆపి ఉంటే ‘పనికిరాదు’ అని రాసేవారు. నాలుగేళ్ళ తరువాత కొంతమంది విద్యార్థులను మళ్ళీ అడిగారు. పాఠాలు విన్నవారిలో శారీరక, లైంగిక హింస తక్కువగా ఉంది. ఒకే కార్యక్రమం, మూడు తేదీలు, మూడు జవాబులు. ఎప్పుడు కొలిచారు అన్నది చెప్పకుండా ఎవరైనా ‘ఫలితం ఇది’ అంటే నమ్మకండి.

ఇంకో ఉచ్చు ఉంది. పిల్లలు తెలివైనవాళ్ళు. పరీక్షలో ఏ జవాబు రాస్తే మార్కులు వస్తాయో వాళ్ళకు తెలుసు. ‘అమ్మాయిని కొట్టడం తప్పా?’ అంటే తప్పు అని రాస్తారు. రాయడం వేరు, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఆపుకోవడం వేరు. 2014లో ఇలాంటి బడి కార్యక్రమాల మీద వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే కనిపించింది కూడా ఇదే: తెలుసుకున్నది పెరిగింది, అభిప్రాయాలు కొంత మారాయి, ప్రవర్తన మారిందనడానికి ఆధారం బలహీనం. హర్యానాలో 314 ప్రభుత్వ బడుల్లో స్త్రీ పురుష సమానత్వం మీద రెండున్నరేళ్ళు తరగతులు నడిపి, ఆ ఫలితాన్ని దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ 2022లో ప్రచురించారు. అది ప్రేమ వ్యవహారాల హింస మీద కాదు. అయినా వారు చేసిన ఒక పని మనకు పనికొస్తుంది. ఎదుటివారి మెప్పుకోసం జవాబులు చెప్పే అలవాటు ఏ విద్యార్థికి ఎంత ఉందో విడిగా మరో ప్రశ్నపత్రంతో ముందే కొలిచి పెట్టుకున్నారు. థర్మామీటరు వాడే ముందు దాని పొరపాటు ఎంతో చూసుకున్నట్టు.

ఇక నాకు బాగా నచ్చిన ప్రయోగానికి వస్తాను. బీహారులోని నలందా జిల్లా. సంగత్ అనే సంస్థ 2015లో మొదలుపెట్టిన ఈ ప్రయోగం పేరు సెహర్. 75 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను లాటరీతో మూడు సమూహాలు చేశారు. తరువాత ఒక బడి తప్పుకుంది. ఒక సమూహంలో ప్రభుత్వం ఎప్పటిలా నడిపే కౌమార విద్య పాఠాలు మాత్రమే. రెండో సమూహంలో వాటికి తోడు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు కొన్ని పనులు చేయించాలి: గోడపత్రిక, పోటీలు, పిల్లలు పేరు లేకుండా తమ బాధలు రాసి వేసే పెట్టె, విద్యార్థుల బృందం, సలహా కావలసిన వారితో మాట్లాడడం. మూడో సమూహంలో సరిగ్గా అవే పనులు. కాని చేయించేది ఉపాధ్యాయుడు కాదు. ఆ పనికోసమే నియమించి, శిక్షణ ఇచ్చిన మనిషి, నిపుణుడైన కౌన్సెలర్ కూడా కాదు. ఆయనను సెహర్ మిత్ర అన్నారు.

ఎనిమిది నెలల తరువాత చూశారు. సెహర్ మిత్ర ఉన్న బడుల్లో బడి వాతావరణం బాగుపడింది, ఏడిపించడం తగ్గింది, హింస చేయడమూ, పడడమూ తగ్గాయి. ఉపాధ్యాయుడు నడిపిన బడులకూ, ఏమీ చేర్చని బడులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫలితం 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రెండో ఏడాది కూడా అదే ధోరణి కొనసాగింది.

నేను పాఠాలు చెప్పి బతికిన మనిషిని. ఈ ఫలితం చదివినప్పుడు సంతోషించానని చెప్పలేను. కాని ఆలోచిస్తే ఆశ్చర్యమూ లేదు. సిలబస్, పరీక్షలు, ఎన్నికల విధులు, జనాభా లెక్కలు, ఇన్నింటి మధ్య ఇది మరో పని. అంతకంటే ముఖ్యం, మార్కులు వేసే చేతికి, ఇంటికి కబురు పంపగల మనిషికి ఏ పిల్లవాడు తన రహస్యం చెబుతాడు? ఈ ప్రశ్నకు మన దేశంలో బరువు ఉంది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలున్నాయి. పరస్పర సంబంధాలు, స్త్రీ పురుష సమానత్వం, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ వాడకంలో జాగ్రత్త అన్నీ వాటిలో ఉన్నాయి. చాలా మంచిది. చెప్పవలసింది మాత్రం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు. అది పనిచేయదని నేను అనడం లేదు. నలందాలో అలాంటి ఏర్పాటు పనిచేయలేదు కాబట్టి కొలవకుండా పనిచేస్తుందని అనుకోవద్దంటున్నాను.

తరగతి గది ఒక్కటే చోటు కాదని న్యూయార్కులో 30 బడుల్లో జరిగిన షిఫ్టింగ్ బౌండరీస్ అనే ప్రయోగం చూపించింది. కొన్ని బడుల్లో పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్నింటిలో పాఠాలు లేవు. పిల్లలకు బడి పటం ఇచ్చి, భయం వేసే చోట్లు గుర్తుపెట్టమన్నారు. అక్కడ పెద్దలను కాపలా పెట్టారు, పోస్టర్లు అంటించారు. కొన్నింటిలో రెండూ చేశారు. ఒట్టి పాఠాల వల్ల హింస తగ్గలేదు. పటాలు గీసిన బడుల్లో తగ్గింది.

ఈ ప్రయోగాన్ని అండమాన్‌కు తెచ్చి చూద్దాం. ఇక్కడ పటం బడి గేటు దగ్గర ఆగదు. ఛాతం నుంచి బేంబూ ఫ్లాట్‌కు వెళ్ళే ఫెర్రీ, జెట్టీ మెట్లు, బస్ స్టాప్, సాయంత్రం మనుషులు పలచబడే సముద్రపుగట్టు, అన్నీ పటంలోకి రావాలి. పోస్టర్ ఏ భాషలో? దీవుల్లో హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం, నికోబారీ ఇళ్ళున్నాయి. తెలుగింటి పిల్లలు బడిలో హిందీలో మాట్లాడి, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు మాట్లాడవచ్చు. ‘బెదిరింపు’ అన్న మాట రెండు చోట్లా ఒకే బరువు మోస్తుందా అని కొందరు పిల్లల దగ్గర ముందే పరీక్షించాలి.

అసలు కష్టం అంకెలది. రెండు బడుల్లో నాలుగు వందల మంది పిల్లలను అడిగితే నాలుగు వందల పరిశీలనలు అనుకుంటాం. కాదు. ఒక బడిలో కఠినమైన ప్రిన్సిపాలు ఉంటే ఆ ప్రభావం రెండు వందల మంది మీదా ఒకేసారి పడుతుంది. గణితం దృష్టిలో మన దగ్గర ఉన్నవి రెండు బడులే. నలందాలో 75 బడులు ఎందుకు తీసుకున్నారో ఇప్పుడు అర్థమైందిగా. దీవుల్లో అన్ని ఉన్నత పాఠశాలలను అలా రెండు మూడు సమూహాలుగా విడదీయడం కష్టం. సగం బడులకు ఏమీ ఇవ్వకపోవడం న్యాయంగానూ ఉండదు. దీనికి ఒక దారి ఉంది. అన్ని బడులకూ కార్యక్రమం ఇస్తారు, కాని విడతలుగా. ఏ బడి వంతు ఎప్పుడో లాటరీ చెబుతుంది. వంతు రాని బడులు అప్పటిదాకా నియంత్రణ సమూహంగా ఉంటాయి. దిగ్లీపూరు నుంచి క్యాంప్‌బెల్ బే దాకా ఓడల మీదా బస్సుల మీదా వెళ్ళి శిక్షణ ఇవ్వవలసిన చోట, ఎలాగూ ఒకేసారి అన్నిచోట్లా మొదలుపెట్టలేం. ఆ ఇబ్బందినే ప్రయోగంగా మార్చుకోవచ్చు.

చిన్న దీవిలో ఇంకొకటి. తొమ్మిదో తరగతిలో పద్దెనిమిది మంది ఉంటే, పేరు రాయకపోయినా చేతిరాత పట్టిస్తుంది. కాబట్టి రాయించకూడదు, టిక్కు పెట్టించాలి. ఉపాధ్యాయులు గదిలో ఉండకూడదు. మూసిన పెట్టె ఊళ్ళో కాకుండా మరో చోట తెరవాలి.

చట్టం సంగతి కూడా పిల్లలకు ముందే నిజాయితీగా చెప్పాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వారి మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలియజేయాలి. పైగా 18 లోపు వారి ఇష్టాన్ని ఆ చట్టం అంగీకారంగా గుర్తించదు. ‘నీ రహస్యం ఎవరికీ చెప్పను’ అని మాట ఇచ్చిన కౌన్సెలర్ రేపు ఆ మాట నిలబెట్టుకోలేకపోవచ్చు. అందుకే సర్వేలో పేరు ఉండకూడదు. ఎవరితోనైనా ముఖాముఖి మాట్లాడే పిల్లలకు ఏది దాచగలమో, ఏది దాచలేమో మొదటే చెప్పాలి. ఇలా చెబితే కొందరు నోరు విప్పరు. ఆ నష్టం భరించవలసిందే.

ప్రశ్నపత్రం అడుగున చించుకోవడానికి వీలుగా ఒక చీటీ ముద్రించాలి. దాని మీద రెండు నంబర్లు: పిల్లల సహాయవాణి 1098, అత్యవసర సేవ 112. దాన్ని అడిగినవారికే ఇస్తే ఎవరు అడిగారో గదిలో అందరికీ తెలిసిపోతుంది. అందుకని పెట్టెలో కాగితం వేసే ముందు ప్రతి ఒక్కరూ, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, ఆ చీటీ చించి జేబులో పెట్టుకోవాలి.