విత్తనపు చేపను ఎంచుట
(విశాఖపట్నము ఆటోనగరులో చేపల రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



నేను పైర్ల సాగు బోధించువాడను. విత్తు మంచిది కానిదే పంట మంచిది కాదని ఏటా చెప్పుచుందును. చెరువుకును ఇదే మాట వర్తించును.

ఈ ఆటోనగరులో పాత ఇంజనుకు కొత్త రంగు వేసి అమ్మిన, కొనువాడు మోసపోవచ్చును. ఆడచేప అంత సులభముగా మోసపోదు. ఐరోపాలో స్టికిల్‌బ్యాక్ అను చిన్నచేప ఉన్నది. గ్రుడ్లు పెట్టు కాలమున మగదాని పొట్ట ఎర్రబడును. ఆడచేప మిక్కిలి ఎర్రనిదానినే కోరును. మిలిన్‌స్కీ, బాకర్ అను శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిన పరిశోధనలో, తెల్లమచ్చల వ్యాధి సోకిన మగచేపల ఎరుపు తగ్గినది. ఆడచేపలకు వానిపై మక్కువ తగ్గినది. ఎరుపు తెలియని పచ్చని వెలుతురులో ఈ భేదము కనబడలేదు.

కారణమేమి? మగ లక్షణములు కలిగించు హార్మోనే రోగనిరోధక శక్తిని కొంత తగ్గించునని, బలమైన మగదే ఆ భారము మోయగలదని 1992లో ఫోల్‌స్టాడ్, కార్టర్ ప్రతిపాదించిరి. అన్ని జాతులలో ఇది ఒకే తీరున రుజువు కాలేదు. అయినను గ్రుడ్లు పెట్టు కాలమున చేపను జాగ్రత్తగా చూడవలెనన్నది మనకు పాఠము.

మన శీలావతి, బొచ్చె నిలువనీటి చెరువులలో మామూలుగా గ్రుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారమును సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నేటి హేచరీలకు అదే పునాది. కాని సూది వేసినచోట ఎంపిక చాలవరకు ఆడచేపది కాదు, మనది. ఆమె కన్ను మనకుండవలెను. మన పొరపాటు, పిల్లలను కొన్న రైతు చెరువులో బయటపడును.

కావున వీనిని గమనింపుడు. పక్వమైన మగచేపకు మొప్పల వెనుకనున్న రెక్క లోపలివైపు గరుకుగా ఉండును. పొట్ట మెల్లగా నొక్కిన పాలు వచ్చును. ఆడచేపకు ఆ రెక్క నునుపుగా, పొట్ట ఉబ్బి మెత్తగా ఉండును. పుండు, పేను, మచ్చలు ఉన్నదానిని వాడరాదు. తోబుట్టువులను జతపరచరాదు. చల్లనివేళ పట్టి, వలలో ఎక్కువసేపు ఉంచక తీయవలెను. బెదిరిన చేపలో కార్టిసాల్ అను హార్మోను పెరిగి రోగనిరోధక శక్తిని తగ్గించును. గ్రుడ్లు పెట్టిన చేపలకు వేరు చెరువులో విశ్రాంతి ఇవ్వవలెను.

వరి విత్తును దోసిట పోసి చూచి చల్లు రైతు, చేపను కూడ అట్లే చేతబట్టి చూచి ఎంచవలెను.