క్లబ్బును కాపాడుకుందాం, సరే. తాళంచెవి ఎవరి దగ్గర?



ఇప్పుడు మనం చూసిన 'ది ఓల్డ్ ఓక్' ఒక పబ్బు కథ. సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్ళం, పబ్బు బతకాలని ఎందుకు కోరుకోవాలని మీలో కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలకు కలుసుకోవడానికి రాత్రిబడి ఉండేది. అక్షరాలతోపాటు అక్కడ సారా గొడవా చర్చకొచ్చింది. ఆ చర్చ ఉద్యమమై 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. కూర్చుని మాట్లాడుకునే చోటు లేకపోతే ఎవరి ఏడుపు వాళ్ళింట్లోనే ఉండిపోయేది. కాబట్టి ఈ సినిమాలో నేను చూసింది పబ్బును కాదు, దాని వెనక గదిని.

కెన్ లోచ్ తీసిన ఈ చిత్రం 2023లో వచ్చింది. కథాకాలం 2016. ఇంగ్లండు ఈశాన్యాన డరమ్ ప్రాంతంలోని ఒక ఊరు. బొగ్గుగని ఎప్పుడో మూతపడింది. ఇళ్ళ ధరలు పడిపోయాయి. ఊరి మొహం చూడని కంపెనీలు వాటిని కొనేస్తున్నాయి. నలుగురూ కలిసే చోటంటూ మిగిలింది టి.జె. నడిపే పబ్బు ఒక్కటే. ఆ ఊరికి సిరియా శరణార్థులొస్తారు. వాళ్ళకి వ్యతిరేకంగా సభ పెడతాం, వెనక గది ఇమ్మని రోజూ వచ్చే మగవాళ్ళు అడుగుతారు. టి.జె. ఇవ్వడు. తర్వాత అదే గదిలో ఊరివాళ్ళకీ శరణార్థులకీ కలిపి భోజనాలు మొదలవుతాయి.

ఆ గది గోడల మీద 1984-85 గని కార్మికుల సమ్మె ఫోటోలున్నాయి. ఆనాడు ఊరూరా సామూహిక వంటశాలలు నడిపింది కార్మిక కుటుంబాల స్త్రీలే. వంటతో ఆగకుండా వాళ్ళు వేదికలెక్కారు, పికెటింగులకు వెళ్ళారు.

నా పేచీ ఇక్కడే. సినిమా ఆ ఐక్యతను తలుచుకుంటుంది గాని, అలాంటి చోట్ల మీద పెత్తనం ఎవరిదో అడగదు. బ్రిటన్‌లో కార్మికుల క్లబ్బుల సమాఖ్య 1862లో ఏర్పడింది. 1978లో వేక్‌ఫీల్డ్‌లో షీలా కాప్‌స్టిక్ అనే ఆమెను స్నూకర్ ఆడకూడదని క్లబ్బువాళ్ళు ఆపేస్తే, ఆమె సమాన హక్కుల ఉద్యమం లేవదీసింది. సమాఖ్య స్త్రీలకు సమాన హక్కులు ఒప్పుకున్నది 2007లో! సమ్మె ముగిసిన ఇరవై రెండేళ్ళకు.

ఇప్పుడు సినిమాను మళ్ళీ చూడండి. గది తెరవాలన్న ఆలోచన సిరియా యువతి యారాది. నిర్ణయం మాత్రం టి.జె.ది, ఎందుకంటే పబ్బు అతనిది. కక్షగట్టిన కొందరు మగవాళ్ళు రహస్యంగా గొట్టాలు పాడుచేస్తే, భోజనాలు ఆగిపోతాయి. అందులో టి.జె. పాత స్నేహితుడి చెయ్యి కూడా ఉంది. ఒక మంచి మగవాడి దయ మీద నిలబడిన చోటు నలుగురి కసికి కూలిపోయింది.

అయినా వంట వృథా కాలేదు. యారా తండ్రి చనిపోయాడని కబురొచ్చినప్పుడు ఊరివాళ్ళు పూలు పట్టుకుని ఆ గుమ్మం ముందుకొచ్చారు. కలిసి తిన్న తిండి ఆ మాత్రం సంబంధాన్ని మిగిల్చింది. కాని సంబంధం ఒకటే చాలదు, హక్కు కూడా కావాలి.

రేపు మీమీ ఊళ్ళకు వెళ్ళాక ఒక పని చేయండి. మహిళామండలి భవనం ఎవరి పేరున ఉందో, తాళంచెవి ఎవరింట్లో వేలాడుతోందో కనుక్కోండి. వచ్చే సమావేశంలో మన చర్చ అక్కణ్ణించి మొదలుపెడదాం.