ఖుర్బానీ పశువుకు దారిలో ఉన్న హక్కు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా!

జిల్‌హజ్ మాసం మన ముంగిట నిలిచింది. జియాగూడ మండీ నుండి, పాలమూరు, నల్లగొండ పల్లెల నుండి పొట్టేళ్లను, మేకపోతులను ఎక్కించుకున్న ట్రాలీ ఆటోలు, డీసీఎం బండ్లు మన బల్కంపేట దాకా వస్తున్నాయి. కత్తికి ఎలా పదును పెట్టాలో, మాంసాన్ని ఎలా పంచాలో మనం ఏటేటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ జుమా నాడు కత్తికి ముందున్న దారి గురించి, ఆ దారిలో పశువుకున్న హక్కు గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాను. ముందుగా నా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకుంటాను.

కొన్నేళ్ల క్రితం తొమ్మిది కుటుంబాల వారు డబ్బు నా చేతికిచ్చి, తమ తరఫున పశువులను కొని తెమ్మని కోరారు. జియాగూడలో తొమ్మిది పొట్టేళ్లను కొని, ఒక ట్రాలీలో ఎక్కించి, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. మెహదీపట్నం, మాసబ్ ట్యాంక్ దాటి పంజాగుట్ట చేరేసరికి బండ్లన్నీ నిలిచిపోయాయి. ముందు సిటీ బస్సు, రెండు పక్కలా మోటారు సైకిళ్లు, వెనుక ఆగని హారన్లు. డ్రైవరు నుదుట చెమట ధారగా కారుతోంది. హారన్ మోగినప్పుడల్లా వెనుక పశువులు ఉలిక్కిపడి ఒక పక్కకు ఒరుగుతున్నాయి. వాటితోపాటే బండీ ఒరుగుతోంది. అసర్ వేళ మించిపోతోందన్న ఆత్రంతో నేను, "జర తొందరగా పోనీ బేటా" అంటూనే ఉన్నాను. అతను ఒక్కసారే బదులిచ్చాడు: "మౌలానా సాబ్, వెనకున్నవి ఇటుకలు కావు, ప్రాణాలు."

అయినా నేను వినలేదు. అమీర్‌పేట మెట్రో స్టేషను కింద దారి కాస్త ఖాళీ కాగానే, నా మాట కాదనలేక అతను వేగం పెంచాడు. ఎడమ నుండి ఒక మోటారు సైకిలు అడ్డుగా దూసుకొచ్చింది. బ్రేకు పడింది. వెనుక ధబ్బుమన్న చప్పుడు. దిగి చూస్తే ఒక పొట్టేలు మిగిలిన వాటి కింద పడి ఉంది. దాని ముందు కాలు విరిగింది.

సోదరులారా! స్పష్టంగా కుంటుతున్న పశువు ఖుర్బానీకి పనికిరాదని మీకు తెలుసు. నిక్షేపంగా ఉన్న పశువును కొన్న తరువాత, జిబహ్‌కు ముందే దానికి అటువంటి లోపం కలిగితే, ఖుర్బానీ వాజిబ్ అయిన స్థోమతపరుడు మరొక పశువును ఇవ్వాలని హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. ఆ పొట్టేలు యజమాని, "మౌలానా, ఇది అల్లాహ్ రాత, మీరేం చేస్తారు?" అని నన్ను ఓదార్చాడు. కానీ రాతను నా తొందరపాటుకు ముసుగుగా వేయడానికి నా మనసు ఒప్పలేదు. నా సొమ్ముతో మరో పొట్టేలు కొని ఇచ్చాను. సొమ్ము బాకీ తీరింది. పశువైద్యుడు కట్టు కట్టిన ఆ మూగజీవి రాత్రంతా మూడు కాళ్లపై నిలబడింది. ఆ బాకీ మాత్రం ఎలా తీరుతుంది?

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది హజ్ నాటి ఒక ఘట్టం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అరఫాత్ నుండి ముజ్దలిఫాకు బయలుదేరారు. వేలాది జనం, వేలాది ఒంటెలు, ఒకే దారి. వెనుక నుండి కేకలు, ఒంటెలను కొడుతున్న చప్పుడు ఆయన చెవిన పడ్డాయి. ఆయన తన కొరడాతో సైగ చేసి నెమ్మదించమన్నారు, పుణ్యం పరుగులో లేదని బోధించారు. ఇది బుఖారీలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం. ఆయన తన ఒంటె ఖస్వా పగ్గాన్ని దాని తల జీనుకు తగిలేంతగా బిగించి పట్టుకున్నారని, ఇసుక దిబ్బ ఎక్కవలసి వచ్చినప్పుడు మాత్రం కాస్త వదులు చేసేవారని ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. దారి ఖాళీగా దొరికినప్పుడు వేగం పెంచేవారని హజ్రత్ ఉసామా (రజి) చెప్పారు.

ఆలోచించండి! అది హజ్. వారి ప్రయాణమంతా ఆరాధన. ఆ ఆరాధన కోసమే అయినా పశువును హింసించడానికి అనుమతి దొరకలేదు. మరి నా అసర్ నమాజు ఆ పొట్టేలు కాలు విరగడానికి సాకు ఎలా అవుతుంది? ప్రయాణంలో మజిలీ చేసినప్పుడు ఒంటెలపై బరువు దించనిదే తాము నఫిల్ నమాజు చేసేవారం కామని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన మాట అబూ దావూద్‌లో ఉంది. దారిలో ఎన్ని మస్జిదులు లేవు! బండిని నీడన ఆపించి, పశువులకు నీళ్లు పెట్టించి, నేను నమాజు చేసుకొని ఉండవలసింది.

కనుక ఈ ఏడు పశువులను తెచ్చేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 125-ఇ ప్రకారం ఒక్కో గొర్రెకు లేదా మేకకు 0.3 చదరపు మీటరు చోటుండాలి. అంటే 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు గల బండిలో 12కు మించరాదు. అదే బండిలో వేరే సరుకు వేయరాదు. ఇనుప నేలపై మూత్రం పడితే గిట్టలు జారుతాయి. గడ్డి గానీ గోనె సంచులు గానీ పరచండి. బండిలో అరలు లేకపోతే బ్రేకు పడగానే అన్నీ ముందుకు దొర్లుతాయి, కనుక మధ్యలో అడ్డు పెట్టించండి. తెల్లవారుజామున, రద్దీకి ముందే బయలుదేరండి. డ్రైవరును తొందరపెట్టకండి. అతనికి కిరాయితోపాటు సమయం కూడా ఇవ్వండి.

పశువులు కొననివారికీ ఇందులో బాధ్యత ఉంది. మీ ముందు పశువుల బండి నెమ్మదిగా పోతుంటే హారన్ మోగించకండి, అడ్డంగా దూరకండి. దారి నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని మనం విన్నాం. ఒక్కోసారి ఆ బాధ కలిగించేది మన హారనే. అలాగే మన పశువులను ఇరుగుపొరుగు వారి గుమ్మాల ముందు, నలుగురూ నడిచే దారిలో కట్టకండి.

పశువుల మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవని, మన తఖ్వా మాత్రమే చేరుతుందని దివ్య ఖుర్ఆన్ హజ్ సూరాలో తెలిపింది. ఆ తఖ్వా కత్తి పట్టినప్పుడు హఠాత్తుగా పుట్టదు. పశువును బండి ఎక్కించిన క్షణం నుండే అది మన చేతుల్లో, మన మాటల్లో కనిపించాలి.

ఓ అల్లాహ్! మా తొందరపాటును మన్నించు. మూగజీవుల విషయంలో ప్రళయదినాన మమ్మల్ని నిలదీయబడేవారిలో చేర్చకు. బండి నడిపే మా సోదరులకు క్షేమాన్ని ప్రసాదించు. మా ఖుర్బానీలను స్వీకరించు. ఆమీన్.