పలుకని మీటలు

పోచంపల్లిలో చిటికి కట్టి రంగు వేసిన పేక ఒక్క పోగు జరిగినను పువ్వు అతకదు. అందుకై ఎవ్వరును నూలును పారవేయరు, పోగును సరిజేతురు. శ్రోతలారా, కార్యాలయపు కంప్యూటరు విషయమునను మేము చెప్పదలచినది ఇదియే.

2014 డిసెంబరులో మైక్రోసాఫ్టువారు ఆఫీసు 2007, 2010, 2013లకు ఒక భద్రతా సవరణను పంపిరి. అంతట పలుచోట్ల ఎక్సెలు పుటలపై అమర్చుకొన్న మీటలు నొక్కినను పలుకలేదు. కూలి లెక్క, నూలు లెక్క అట్టి మీటలతో నడుపుకొనువారికి జీతముల దినమున ఇది చిన్న చిక్కు కాదు. కారణము మాత్రము స్వల్పము. మీటల వివరములను కంప్యూటరు ‘ఈఎక్స్‌డీ’ అను తాత్కాలిక ఫైలులో దాచుకొనును. సవరణ మీటల మూలమును మార్చినది. పాత ఫైలు అట్లే మిగిలినది.

కొందరు విసుగుతో సవరణనే తీసివేసిరి. తాళము బిగుసుకొన్నదని తలుపు ఊడదీయుట కాదా ఇది! ఆ సవరణ లేనిచో, మోసపు ఫైలు ఒకటి తెరచినంతనే కంప్యూటరు పరుల వశము కావచ్చును.

ఆఫీసు కార్యక్రమములనన్నిటిని మూసి, తాత్కాలిక ఫైళ్ళ అరలో పేరు చివర ‘ఈఎక్స్‌డీ’ అని ఉన్నవానిని తుడిచివేసిన చాలును. ఎక్సెలు వానిని మరల క్రొత్తగా సృష్టించుకొనును. అప్పటికిని మీట పలుకనిచో, పుటను తయారుచేసిన కంప్యూటరులోను, తెరచుచున్న కంప్యూటరులోను ఒకే సవరణ ఉన్నదో లేదో చూడవలెను.