అమెరికాలో వైద్యము – వోటు



అమెరికా సంయుక్త రాష్ట్రములు ధనమునందును, వైద్యశాస్త్రమునందును పేరుగాంచినవి. అయినను అచ్చట చికిత్స దొరకుట చాలవఱకు భీమాపై నాధారపడియున్నది. భీమా లేనివాఁడు జబ్బుపడి ఋణగ్రస్తుఁడగుట అరుదు కాదు.

ప్రజలందఱికిని ఆరోగ్య భీమా కావలెనని 1945లో అధ్యక్షుఁడు ట్రూమన్ శాసనసభను కోరెను. వైద్యుల సంఘమే యెదిర్చెను, యత్నము ఫలింపలేదు. ఇరువదియేండ్లకు, 1965లో, అధ్యక్షుఁడు జాన్సన్ వృద్ధులకొఱకు మెడికేర్ శాసనము తెచ్చి, ట్రూమన్ నివసించు ఊరికే పోయి, ఆయన యెదుట సంతకము చేసెను. ఎనుబదియొక్క యేండ్ల ట్రూమనే అందు మొదటి సభ్యుఁడయ్యెను.

2010లో ఒబామా సంతకము చేసిన శాసనము, పూర్వమే రోగమున్నదని భీమా నిరాకరించుటను మాన్పించెను. 2017లో దానిలో కొంత రద్దుచేయఁబూనిన బిల్లు సెనేటులో 49–51 వోట్లతో వీఁగిపోయెను. స్వయముగా రోగపీడితుఁడైన మెకెయిన్ స్వపక్షమును కాదని వోటిచ్చెను. ఆ యొక్క వోటు అటు పడినచో బిల్లు నెగ్గియుండెడిది.

పన్నులు పెరుగునను ప్రతిపక్షవాదము త్రోసివేయఁదగినది కాదు. కాని పన్ను పదిమంది పంచుకొను భారము. రోగము ఒంటివాని భారము. కావున నా మనస్సు ట్రూమన్ పక్షమే. మనము వోటిచ్చునపుడును, రోగిని తలఁచువారెవరని విచారింతము గాక! సెలవు.