కర్నూలు ధర్మాసనము: మనము కోరవలసినది, మనము ఇయ్యవలసినది

(సి.బెళగల్ గ్రామసభలో న్యాయవాది యొకరు గావించిన యుపన్యాసము)



కర్నూలునకు హైకోర్టు బెంచి వచ్చునా, వచ్చినచో మాకేమి లాభమని మీలో ననేకులు నన్నడుగుచున్నారు. ఈ యుద్యమమున స్వచ్ఛంద సేవకుడనై యూరూర తిరిగినవాడను గావున ప్రత్యుత్తరమిచ్చుట నా విధి. అందు కొంత ప్రభుత్వమువారికి తగులును. కొంత మా న్యాయవాదులకే తగులును. రెంటిని దాచక చెప్పెదను.

1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'శ్రీబాగ్' గృహమున, సర్కారు జిల్లాల నాయకులును సీమ నాయకులును కూడి యొక యొడంబడిక చేసికొనిరి. రాజధాని, హైకోర్టు అను రెంటిలో నొకటి కోస్తాలోను, నొకటి రాయలసీమలోను ఉండవలెననియు, ఏది కావలయునో యెన్నుకొను స్వాతంత్ర్యము సీమవారిదనియు అందలి షరతు. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు కర్నూలు రాజధాని యయ్యెను. 1954లో హైకోర్టు గుంటూరున వెలసెను. కోకా సుబ్బారావుగారు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆ యేర్పాటు మూడేండ్లైనను నిండకమునుపే, 1956లో, రెండును హైదరాబాదునకు తరలిపోయెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట రాజధానిగా అమరావతిని నిర్ణయించిరి. 2019 జనవరి 1వ తేదీన వేరుపడిన మన హైకోర్టునకును అమరావతియే ప్రధానస్థాన మయ్యెను.

ఇందొక విపరీతము గమనింపుడు. కర్నూలునుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు కొంచెము మించును. అమరావతియో మూడువందలకు పైబడినది. మన హైకోర్టు మనకు వేరుగా వచ్చినదని సంతసించిన నాడే అది మనకు మరింత దూరమైనది. మన మండలములోని గుండ్రేవులకడ తుంగభద్ర నడుగుడు. ఆవలిగట్టున నున్న తెలంగాణమువాడు తన హైకోర్టునకు హైదరాబాదు పోవును. ఇంకను ఎగువన మంత్రాలయము నెదుట నేరు దాటినచో రాయచూరు జిల్లా. అచటి రైతునకు 2008 నుండి కలబురిగిలో కర్ణాటక హైకోర్టు ధర్మాసనము కలదు. తమిళులకు 2004లోనే మధురలో ధర్మాసన మేర్పడినది. ఏటికావలివారికి లభించినది ఈవలివారికేల దుర్లభము కావలెను?

హైకోర్టుతో రైతునకేమి పని యందురా? అధికారి యుత్తరువువలన పట్టాభూమి పోయినవాడును, అన్యాయముగా పింఛను నిలిచిపోయిన వృద్ధురాలును రాజ్యాంగములోని 226వ అధికరణము క్రింద హైకోర్టు నాశ్రయింపవచ్చును. కాని అచట వకీలును వెదకుటకు, కాగితము లందించుటకు, ఫీజు చెల్లించుటకు ఎన్ని దినముల కూలి పోవును? ఇపుడు తెరమీద విచారణలు జరుగుచున్నవిగదా యని కొందఱందురు. తెరమీద వకీలు కనబడును గాని, తెలియని పట్టణములో తెలియని వకీలును నమ్ముకొను కష్టము తీఱదు. కోస్తా సోదరులపై ద్వేషముతో నేనీమాట లాడుటలేదు. అమరావతి యటులనే యుండనిండు. సీమకొక ధర్మాసనము రానిండు.

2020లో కర్నూలును న్యాయరాజధానిగా చేయుచు శాసనము చేసిరి. మనము బాణసంచా కాల్చితిమి. 2021లో ఆ శాసనమును రద్దుచేసిరి. 2024 నవంబరు 21న కర్నూలులో ధర్మాసనము కావలెనని శాసనసభవారు తీర్మానించిరి. సంతోషమే. కాని తీర్మానము మాత్రమున న్యాయమూర్తులు వచ్చి కూర్చుండరు. ప్రధాన న్యాయమూర్తి గవర్నరుగారి యామోదముతో నిర్ణయించిన యితర స్థలములలో న్యాయమూర్తులు కూర్చుండవచ్చునని 2014 నాటి పునర్విభజన చట్టము 31వ సెక్షను చెప్పుచున్నది. న్యాయపీఠమును ఒప్పించుటకు కేకలు చాలవు, లెక్కలు కావలెను. సీమ జిల్లాలనుండి ఏటేట ఎన్ని వ్యాజ్యములు పోవుచున్నవి? దారిఖర్చునకు జంకి ఎందఱు అప్పీలు మానుకొనిరి? ఊరూర ఈ వివరములు వ్రాసి కూర్చుటయే సేవకుల మొదటి పని.

ఇక మా తప్పు చెప్పెదను. ఉద్యమము తీవ్రముగా నున్న దినములలో మేము కోర్టులను బహిష్కరించితిమి. నేనును నల్లకోటు విప్పి శిబిరమున కూర్చుంటిని. నా కక్షిదారురాలు, అఱువదేండ్లు దాటిన వితంతువు, రెండెకరముల చేనుగట్టు తగవులో సాక్ష్యమిచ్చుటకు సద్దిమూటతో వచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండెను. సాయంకాలము ఆమెకు వాయిదా తేదీ చెప్పితిని. అది ఆమెకు వరుసగా నాలుగవ వాయిదా. ఆమె కోపింపలేదు. "పెద్దకోర్టు వచ్చినంక నా వాయిదాలు తగ్గుతాయా సామీ?" అని మాత్రమడిగెను. నేను తలవంచుకొంటిని. దూరము పేదవానికి శిక్షయని మైకులో చెప్పుచున్న నేనే, ఆమెకు అందుబాటులోనున్న కోర్టును దూరము చేసితిని. న్యాయవాదులకు సమ్మెచేయు హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పినది. ఆ తీర్పు నాకు తెలియనిది కాదు. తెలిసియు శిబిరమున కూర్చుంటిని.

కావున ఈ సభయెదుట రెండు తీర్మానము లుంచుచున్నాను. ఒకటి: కర్నూలులో హైకోర్టు ధర్మాసనమును జాగుచేయక నెలకొల్పవలయును. రెండు: దానికొఱకు సాగు ఉద్యమములో ఏ కక్షిదారుని వాయిదాయు చెడరాదు. మా నిరసన కోర్టు లేచినపిమ్మట సాయంకాలములందును, సెలవుదినములందును జరుగును. 1987 నాటి చట్టము ననుసరించి స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము కలదు. దానికి దరఖాస్తు వ్రాసియిచ్చుటకు నెలకొక ఆదివారము నేనిచటికి వచ్చెదను.

రెండవ తీర్మానము మా న్యాయవాదులలో కొందఱకు రుచింపకపోవచ్చును. వారికి నేను చెప్పుకొందును. మీరు మాత్రము మొదటిదానికి చేతులెత్తి, రెండవదానిని విడువకుడు. రెండవది లేనిచో, పెద్దకోర్టు వచ్చిన నాడును ఆ యవ్వ వేపచెట్టు క్రిందనే యుండును.